అందరూ అమ్మేదే మనమూ అమ్మితే: తొక్కు డబ్బా వెనక పాత కథలు

ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు ఎంత, లింకేజీ అప్పు ఎంత, కిస్తీ ఎంత మంది సరిగా కట్టిన్రు అని పట్టికలు వస్తయి. ఈసారి ఆన్‌లైన్‌లో తొక్కులు, పొడులు అమ్ముతున్న మా సంఘాన్ని కూడా ఒక వ్యాసం రాయమన్నారు. మేము లెక్కలు రాద్దామని కూర్చున్నం. కానీ పోయిన ఏడాది మాకు వచ్చిన కష్టం లెక్కల్లో పట్టేది కాదు. ఒకే సరుకు వంద మంది ఫోన్లో అమ్ముతుంటే కొనేవాళ్లు మన దగ్గరికే ఎందుకు రావాలె? ఈ ప్రశ్న దగ్గర మేము ఆగిపోయినం. తర్వాత తెలిసింది ఏందంటే, ఈ ప్రశ్న ఫోన్లు రాకముందు నుంచీ ఉన్నదే. అందుకే పాత సంగతులతో కలిపి రాస్తున్నం. మాలో పెద్ద చదువు చదివింది పదో తరగతి దాకానే. యూనివర్సిటీలో చదువుతూ మా దగ్గర పొడులు కొనే ఒక అమ్మాయి కొన్ని పుస్తకాలు చూసి మాకు చదివి వినిపించింది. ఆమె పేరు రాయొద్దన్నది.

ముందు మన ఊరి పేరు చూడండి. సీతాఫల్‌మండి. పేరులోనే పండు ఉంది, పేరులోనే మండి ఉంది. మా సంఘంలో అందరికన్నా పెద్దామె, మేమంతా పెద్దమ్మ అని పిలుస్తం, ఆమె అత్తగారు దసరా ముందు నుంచి సీతాఫలాల గంప పెట్టి అమ్మేదంట. పాలమూరు దిక్కు నుంచి వచ్చే కాయ అందరి గంపల్లో ఒకటే. ధర కూడా అటుఇటుగా ఒకటే. అయినా ఈమె గంప పొద్దుగూకకముందే ఖాళీ అయ్యేది. ఎట్లా అంటే, ఈమె కాయలను మూడు కుప్పలు చేసి పెట్టేది. ఇవి ఇయ్యాల తినేవి, ఇవి రేపటివి, ఇవి ఎల్లుండివి. కొనేటామెను ఇంట్లో ఎంత మంది, ఎప్పుడు తింటరు అని అడిగి ఒక్కో కుప్పలో నుంచి తీసి ఇచ్చేది. సీతాఫలం సంగతి మీకు తెలుసు. ఒక్క పూట ముందైతే రాయి, ఒక్క పూట దాటితే నీళ్లు. ఎల్లుండి కాయ ఎల్లుండే పండితే ఆ ఇంటోళ్లు మళ్లీ వేరే గంప దగ్గర ఎందుకు ఆగుతరు? పెద్దమ్మ ఈ మాట మాకు మస్తు సార్లు చెప్పింది. మేము అప్పుడు వినలేదు. ఎందుకు వినలేదో కిందికి వస్తే తెలుస్తది.

ఇంట్లో కూర్చొని దూరం ఊరికి సరుకు అమ్మడం ఇప్పుడొచ్చిన కొత్త పని అనుకుంటం. కాదు. మన దేశంలో పోస్టాఫీసు వాళ్లు 1877లోనే వీపీపీ మొదలుపెట్టారు. సరుకు పోస్టులో వస్తది, పోస్టుమ్యాన్ డబ్బు తీసుకొని పార్శిల్ చేతికిస్తడు, ఆ డబ్బు అమ్మినవాళ్లకు చేరుతది. ఇప్పుడు మనం క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది అదే. ఆ రోజుల్లో పత్రికలో చిన్న ప్రకటన వేసి మందులు, పుస్తకాలు, నూనెలు ఊరూరికీ పంపేవాళ్లు. అప్పుడూ కొనేవాళ్లకు ఇదే అనుమానం. చూడని మనిషి, చూడని సరుకు, ఎట్లా నమ్మాలె?

ఆ అనుమానాన్ని బాగా తీర్చిన తెలుగాయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. కృష్ణా జిల్లాలో పుట్టి, బొంబాయి పోయి, 1893లో అమృతాంజనం పెట్టారు. తలనొప్పి మందు అని చెప్పుకునేవాళ్లు అప్పుడూ తక్కువేం లేరు. ఆయన చేసిన పని ఏందంటే, సంగీత కచేరీలు జరిగే చోట అమృతాంజనం ఉచితంగా పంచారు. ఇది మాకు బాగా నచ్చింది. కచేరీ గంటల తరబడి సాగుతది. జనం కదలకుండా కూర్చుంటరు. తల పట్టేసిన మనిషికి అక్కడికక్కడే రాసుకొని చూసే వీలు దొరుకుతది. ఒకరు మూత తీస్తే ఆ ఘాటు పక్క వరుస దాకా పోతది. అడగకుండానే నలుగురికి తెలుస్తది. ఆ పసుపు రంగు, ఆ వాసన, మళ్లీ ఎక్కడ తగిలినా ఇది ఫలానాది అని గుర్తుపడతరు. పేరు చదవడం రానివాళ్లు కూడా వాసనతో గుర్తుపట్టే సరుకు అది. మా అమ్మలు అట్లనే గుర్తుపట్టేవాళ్లు. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బుతోనే పంతులు గారు 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు.

మద్రాసులోనే కె.ఎన్. కేసరి గారని ఇంకొకరు ఉండేవారు. బీద ఇంటి పిల్లవాడిగా మద్రాసు చేరి, వైద్యం నేర్చుకొని, కేసరి కుటీరం పెట్టి, ఆడవాళ్ల ఆరోగ్యం కోసం లోధ్ర అనే మందు అమ్మారు. అన్ని రోగాలకూ మందు అనకుండా, ఆడవాళ్ల కోసమే అని చెప్పుకోవడం ఆయన దారి. 1928లో గృహలక్ష్మి అని ఆడవాళ్ల పత్రిక కూడా తెచ్చారు. రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించింది ఆ పత్రిక వాళ్లే. మందు కొనే ఆడవాళ్లకు చదువుకోను ఒక పత్రిక ఇచ్చిన్రన్నమాట. ఇందులో వ్యాపారం ఎంత, మంచితనం ఎంత అని మా మీటింగులో వాదన జరిగింది. రెండూ ఉంటే తప్పేముంది అని పెద్దమ్మ తేల్చేసింది.

ఇక లిజ్జత్ పాపడ్. ఈ పేరు తెలియని ఇల్లు ఉండదు. దాని వెనక ఉన్నది మనలాంటి ఆడవాళ్లే అని మాకు చాలా రోజులు తెలవదు. బొంబాయిలో గిర్గావ్ అనే చోట, ఒక ఇంటి డాబా మీద, 1959 మార్చి 15న ఏడుగురు గృహిణులు కూర్చొని పాపడ్‌లు ఒత్తిన్రు. మొదటి రోజు నాలుగు ప్యాకెట్లు. పెట్టుబడి 80 రూపాయలు, అది కూడా ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అనే పెద్దాయన దగ్గర తెచ్చిన అప్పు. చందా తీసుకోవద్దు, దానం అడగొద్దు అని వాళ్ల నియమం. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. విరిగిన పాపడ్‌లను అమ్మకుండా ఇరుగుపొరుగుకు పంచేవాళ్లు.

ఆ మొదటి ఏడాదే వానకాలంలో నాలుగు నెలలు పని ఆగిపోయింది. ఎండ లేదు, పాపడ్ ఎండదు. మరుసటి ఏడాది వాళ్లు ఒక మంచం, ఒక పొయ్యి కొన్నరు. మంచం మీద పాపడ్‌లు పరిచి, కింద పొయ్యి పెట్టి ఆరబెట్టిన్రు. ఈ మంచం సంగతి విన్నప్పుడు మా వాళ్లంతా ఒకటే నవ్వు. జులైలో వడియాలు పెట్టి ఫ్యాన్ కింద రాత్రంతా కాపలా కూర్చున్నది మేమే మరి.

కానీ మాకు ఎక్కువ పనికొచ్చింది ఇంకో సంగతి. మొదట్లో వాళ్లు రెండు రకాల పాపడ్ చేసేవాళ్లంట. ఒకటి మంచి రకం, ఒకటి తక్కువ ధరకు అమ్మను తక్కువ రకం. ఆ పెద్దాయన వద్దన్నాడు. ఒకటే రకం చేయండి, నాణ్యత మాత్రం ఎన్నడూ తగ్గించకండి అని చెప్పాడు. వాళ్లు అదే పట్టుకున్నరు. 1962లో పేరు కోసం పోటీ పెట్టి, 5 రూపాయల బహుమతి ఇచ్చి, లిజ్జత్ అనే పేరు తీసుకున్నరు. గుజరాతీలో రుచి అని అర్థం. 1966లో సొసైటీగా రిజిస్టర్ అయ్యింది. పిండి ఒక్క చోట కలుపుతరు, ఆడవాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోయి ఒత్తి తెస్తరు. వేల ఇళ్లల్లో ఒత్తినా రుచి ఒకటే ఉండేది అందుకే. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

మన దగ్గరా ఉన్నయి. 1948లో కర్నూలులో జి. పుల్లారెడ్డి గారు మిఠాయి దుకాణం పెట్టి స్వచ్ఛమైన నెయ్యి అనే ఒక్క మాట మీద నిలబడ్డరు. మన హైదరాబాద్ హలీంకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. రంజాన్ నెలలో గల్లీకొక భట్టీ ఉంటది కదా, అందరూ హలీమే. ఆ గుర్తింపు కోసం ఎట్లా వండాలో కాగితం మీద పెట్టిన్రు. రాగి పాత్ర, కట్టెల మంట, దాదాపు 12 గంటల వంట. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో అదే గుర్తింపు వచ్చింది. అక్కడ బోర్లించిన కుండ మీద రేకు తీసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. ఒక ఊరి చేతిపనిని ఆ ఊరి పేరుతోనే అమ్ముకోవచ్చని చట్టమే ఒప్పుకున్నదన్నమాట.

ఇప్పుడు మా సంగతి.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు యూనివర్సిటీ హాస్టళ్లు మూసేసిన్రు. మా పది మందిలో నలుగురు టిఫిన్ బండి, ఇద్దరు మెస్సు వంట, మిగతావాళ్లు ఇళ్లల్లో పని. ఒక్క వారంలో అందరి పనీ పోయింది. కిస్తీ మాత్రం పోలేదు. ఆ ఎండాకాలంలోనే మామిడికాయ పెట్టి, ఫోటో తీసి, వాట్సాప్‌లో స్టేటస్ పెట్టినం. తెలిసినవాళ్లు కొన్నరు. వాళ్లు వాళ్ల చుట్టాలకు చెప్పిన్రు. డబ్బులు ఫోన్‌పేలో వచ్చినయి. మొదటి ఏడాది బాగుండె. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నం. ఏడాదికి వంద రూపాయల ఫీజుతో 14 అంకెల నంబరు ఇచ్చిన్రు.

తర్వాత ఫోన్ తెరిస్తే చాలు, అందరూ పచ్చళ్లే. మేము భయపడి రకాలు పెంచినం. ఆవకాయ, గోంగూర, టమాట, చికెన్, రొయ్యలు, కాకరకాయ అని 22 రకాలు చేసినం. సగం అమ్ముడుపోలే. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో కూడా పెట్టి చూసినం. కమీషన్, వాపసు ఖర్చు పోను చేతికొచ్చేది చూసి వెనక్కి వచ్చేసినం. ఆ మీద ధర పోటీ. ఎవరో కిలో 260కి ఇస్తున్నరని మేము 320 నుంచి 280కి దించినం. ఎవ్వరం కాగితం మీద లెక్క వేయలే. మూడు వారాలు అయినంక మా ఆర్‌పీ అక్క కూర్చోబెట్టి వేయించింది. కిలోకు కాయ 90, నూనె 60, కారం 40, అల్లం వెల్లుల్లి 50, ఉప్పు మెంతులు జీలకర్ర 15, డబ్బా స్టిక్కర్ 25, గ్యాసు ఆటో 10. మొత్తం 290. మేము అమ్మింది 280. మా చేతి కూలి అందులో లేనే లేదు. అరవై కిలోలు అట్లనే అమ్మినం. అంటే ఆరు వందలు మేమే ఎదురిచ్చి, ఒళ్లు నొప్పులు తెచ్చుకున్నం.

అదే నెలలో మా ఫోటో ఇంకొకరి పేజీలో కనబడ్డది. మా స్టీలు తాంబాళం, మా పెద్దమ్మ గాజుల చెయ్యి, పేరు మాత్రం వేరే. తీసేయమని మెసేజ్ పెట్టినం. తీసేసిన్రు. కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలే. ఫోటో మారినా కొనేవాళ్లకు తేడా తెలియలేదంటే, మా సరుకులో మాదంటూ ఏముంది?

తర్వాతి మీటింగు గొడవతోనే మొదలైంది. పల్లి నూనె తీసేసి చవక నూనె వేస్తే కిలోకు 25 మిగులుతది, ధర ఇంకా దించొచ్చు అని ముగ్గురు గట్టిగా పట్టుబట్టిన్రు. వాళ్లది తప్పు అనలేం. ఇద్దరికి బయట వడ్డీ అప్పు ఉంది, ఒకామె బిడ్డకు ఇంటర్ ఫీజు కట్టాలె. రెండు రకాలు చేద్దాం, చవకది వేరే, మంచిది వేరే అని ఇంకొకామె మధ్యస్తం చెప్పింది. అప్పుడే ఆ చదువుకునే అమ్మాయి లిజ్జత్ కథ చెప్పింది. బొంబాయి ఆడవాళ్లు కూడా మొదట ఇట్లనే రెండు రకాలు చేసిన్రు అనేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నం. వెంటనే ఒప్పుకున్నరని కాదు. వాళ్లకేంది, ఇప్పుడు పెద్ద సంస్థ అన్నది ఒకామె. 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన రోజు పెద్ద సంస్థ కాదు కదా అన్నది పెద్దమ్మ. రాత్రి తొమ్మిదిన్నరకు తీర్మానం రాసినం. పల్లి నూనెనే, ఒకటే రకం, ధర 340. ఏడుగురు సంతకం పెట్టిన్రు. ముగ్గురు మరుసటి వారం పెట్టిన్రు.

ధర పెంచితే కొనాలంటే ఏదో ఉండాలె కదా. అది మాకు మా కొనుగోలుదారుల నోటి నుంచే దొరికింది. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్లగాడు డబ్బా మీద స్టిక్కర్ చదివి, "ఆంటీ, ఇది ఆవకాయ అని రాసిన్రేంది? ఇది మా ఇంటి తొక్కు కదా" అన్నడు. నిజమే. మేము పెట్టేది అల్లం వెల్లుల్లి నూరి, మెంతులు జీలకర్ర పొడి కలిపి, చల్లారిన నూనె పోపు పోసి పెట్టే తెలంగాణ తొక్కు. ఆవపిండితో పెట్టే ఆవకాయ వేరు. రెండూ మంచివే. కానీ ఫోన్లో అందరూ ఆవకాయ అని రాస్తున్నరని మేము కూడా మా సరుకుకు మంది పేరు పెట్టినం. ఇంట్లో అమ్మ నోట వచ్చే మాటను డబ్బా మీద రాయను సిగ్గుపడ్డమన్నమాట.

స్టిక్కర్లు మార్చినం. మామిడికాయ తొక్కు, పుంటికూర తొక్కు, అవిసె గింజల పొడి, పల్లి కారం. ఈ నాలుగే ఉంచినం. 22 నుంచి నాలుగుకు వచ్చినప్పుడు దుకాణం మూసేస్తున్నట్టే అనిపించింది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో సీతాఫల్‌మండి అని రాసినం. హాస్టల్ పిల్లలకు కిలో డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అల్మారాలో నూనె కారుతది. వాళ్ల కోసం వంద గ్రాముల డబ్బా చేసినం. పెద్దమ్మ అత్తగారి మూడు కుప్పలు కూడా అక్కరకొచ్చినయి. తొక్కు పెట్టిన తేదీ అందరూ వేస్తరు. మేము దాని కింద "ఈ తేదీ నుంచి ఊరి ఉంటది" అని ఇంకో తేదీ కూడా వేసినం. అంతకుముందు తింటే పచ్చిగా ఉంటదని ముందే చెప్పినట్టు. ఈ ఒక్క లైను గురించి ఎంత మంది ఫోన్ చేసి మాట్లాడిన్రో చెప్పలేం. అమృతాంజనం పంతులు గారి పద్ధతి కూడా పట్టుకున్నం. తార్నాక దిక్కు రెండు మెస్సుల్లో అడిగి, ఆదివారం పూట టేబుల్ మీద అవిసె పొడి గిన్నె పెట్టినం. వేడి అన్నంలో కలుపుకొని చూసినంక అడిగినవాళ్లే మా నంబరు తీసుకున్నరు.

తప్పులూ జరిగినయి. బెంగళూరు పంపిన ఎనిమిది డబ్బాల్లో మూడు పార్శిల్‌లో కారిపోయినయి. ఆ ఇంటామె ఫోటోలు పెట్టి గట్టిగానే తిట్టింది. మూడు డబ్బాలు మళ్లీ పంపినం, కొరియర్ డబ్బులు మేమే పెట్టుకున్నం. ఎక్కడ తప్పు జరిగిందో కూడా ఆమెకు చెప్పినం. మూత కింద సీలు అంటించేటప్పుడు అంచుకు నూనె ఉండిపోయింది. ఇప్పుడు అంచు తుడిచే పని ఒక్కరికే అప్పజెప్పినం. డబ్బా అడుగున చిన్న అంకె వేస్తున్నం, ఒకటి నుంచి పది దాకా. ఎవరు నింపిన్రో ఆ అంకె చెప్తది. ఇది మొదలుపెట్టేటప్పుడు మాలో కొందరికి నచ్చలేదు. తప్పు పట్టుకోవడానికా అన్నరు. తర్వాత ఒక కొనుగోలుదారు ఏడో నంబరు డబ్బానే కావాలని అడిగేసరికి, ఏడో నంబరామె వారం రోజులు మా ఎవ్వరికీ దొరకలే.

అమ్మకం ముందటి కన్నా పెద్దగా పెరగలే. కిలోలు తగ్గినయి, చేతికి మిగిలేది పెరిగింది. కూలి లెక్క కట్టుకొని తీసుకుంటున్నం. నాలుగు నెలలుగా కిస్తీ ఆగలే. చవక నూనె అడిగిన ముగ్గురిలో ఒకామె బయటి అప్పు సగం తీర్చింది. ఇంకొకామెది అట్లనే ఉంది. ఆమె మాత్రం ఇప్పటికీ ధర ఎక్కువైందనే అంటది. ప్రతి మీటింగులో ఆమె మాట కూడా రాసి పెడుతున్నం, ఎందుకంటే ఎండాకాలం అల్లం ధర పెరిగితే ఆ లెక్క మళ్లీ తీయాల్సి వస్తది.

సీతాఫలంతో ఏమన్నా చేయొచ్చా అని చాలా మంది అడుగుతున్నరు, ఊరి పేరు అదే కదా అని. రెండు సార్లు గుజ్జు తీసి చూసినం, నల్లబడ్డది. మన పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1958 నుంచి ఇక్కడే. ఈ తిండి సంగతులు తెలిసినవాళ్లు అంత దగ్గర ఉండి కూడా మేము ఇన్నేళ్లు గేటు దాటి అడగలే. ఈసారి దసరా ముందు పోయి అడగాలని తీర్మానం రాసుకున్నం. మామిడికాయ కొట్టేది మాత్రం ఏప్రిల్ రెండో ఆదివారం, పెద్దమ్మ ఇంటి డాబా మీద. కత్తిపీటలు మూడే ఉన్నయి. చూడాలనుకునే అక్కలు రండి, వచ్చేటప్పుడు మీ కత్తిపీట తెచ్చుకోండి.